బ్రాయిలర్ దాణాలో ఎంజైములు: ఏది వేయాలి, ఎంత నమ్మాలి

నమస్కారం. మీ ప్రశ్న పూర్తిగా చదివాను. మొక్కజొన్న, సోయా చెక్కతో బ్రాయిలర్ దాణా మీరే కలుపుకుంటున్నారు. కొంతకాలంగా ఒక మల్టీ ఎంజైమ్ పొడి వేస్తున్నా బరువులో గానీ ఎఫ్‌సీఆర్‌లో (కిలో బరువు పెరగడానికి పట్టే మేత) గానీ తేడా కనిపించలేదు. ఇప్పుడు ఫైటేజ్, జైలనేజ్, ప్రోటియేజ్ అనే ఎంజైములు మూడూ విడివిడిగా వేయమని అమ్మేవాళ్లు చెబుతున్నారు. మూడూ వేయాలా, ఎంత వేయాలి, లిట్టర్ (షెడ్డులో కోళ్ల కింద పరిచే పొట్టు) తడిసిపోవడం వీటితో తగ్గుతుందా అని అడిగారు.

ముందు సూటిగా చెబుతాను. ఫైటేజ్ వేయండి, అయితే ఫార్ములా మార్చి వేయండి. జైలనేజ్ వేయాలా వద్దా అన్నది మీరు వాడే గింజను బట్టి ఉంటుంది. ప్రోటియేజ్ గురించి ఆలోచించే ముందు మీ సోయా చెక్క నాణ్యత పరీక్ష చేయించండి. లిట్టర్ విషయంలో మాత్రం ఎంజైమ్ మీద ఆశ పెట్టుకోకండి, కారణం చాలావరకు వేరే చోట ఉంటుంది.

ఇక వివరంగా. ఎంజైమ్ పోషకం కాదు. దాణాలో ఉన్న ఒక ప్రత్యేకమైన పదార్థాన్ని విడగొట్టడమే దాని పని. ఆ పదార్థం దాణాలో లేకపోతే, లేదా ఉన్నా కోడికి దానివల్ల ఇబ్బంది లేకపోతే, ఎంజైమ్ వేసి లాభం లేదు. పని లేని పొలంలోకి కూలీలను దింపినట్టు అవుతుంది. ఇంకో షరతు కూడా ఉంది, దీన్ని చాలామంది మరిచిపోతారు. ఎంజైమ్ విడిపించిన పోషకం కోడికి కొరతగా ఉండాలి. మీ దాణాలో భాస్వరం, శక్తి, అమైనో ఆమ్లాలు ముందే సరిపడా, ఇంకా కాస్త ఎక్కువగా ఉంటే, ఎంజైమ్ విడిపించిన అదనం రెట్టలో పోతుంది. మీకు తేడా కనిపించకపోవడానికి కారణం ఇదే అయి ఉంటుంది. పాత ఫార్ములాను అలాగే ఉంచి పైన పొడి కలిపారు. ఆ పొడి మంచిదా చెడ్డదా అన్నది అలా వేస్తే ఎప్పటికీ తెలియదు.

ఫైటేజ్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే దాని పని అన్నిటికంటే స్పష్టంగా లెక్కకు అందుతుంది. గింజల్లోనూ చెక్కల్లోనూ ఉన్న భాస్వరంలో సుమారు మూడింట రెండు వంతులు ఫైటేట్ రూపంలో బిగుసుకుని ఉంటుంది. దాన్ని విడదీసే శక్తి కోడి పేగుకు చాలా తక్కువ. అందుకే మనం డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) వేస్తాం. ఫైటేట్ భాస్వరాన్ని బంధించడంతో ఆగదు. కాల్షియం, జింక్ లాంటి ఖనిజాలను పట్టుకుంటుంది, కడుపులోని ఆమ్లంలో ప్రోటీన్‌కు అతుక్కుని దాని అరుగుదలకూ అడ్డం పడుతుంది. పైగా పేగు జిగురు, జీర్ణరసాలు ఎక్కువగా ఊరేలా చేసి కోడి ఒంట్లోని అమైనో ఆమ్లాలను, సోడియాన్ని కూడా రెట్టలోకి పంపుతుంది. ఫైటేజ్ ఈ ఫైటేట్‌ను విడగొడుతుంది. 1991లో మొదటి వాణిజ్య ఫైటేజ్ వచ్చినప్పుడు అందరి దృష్టీ రెట్టలో పోయే భాస్వరం నేలనూ నీటినీ పాడుచేయకుండా చూడటం మీదే ఉండేది. డీసీపీ ఆదా అవుతుందన్నది తర్వాత అందరినీ దానివైపు లాగింది. ఆ మొదటి ఉద్దేశాన్ని ఇప్పుడు చాలామంది మరిచిపోయారు గానీ, కోళ్ల ఎరువు ఏళ్ల తరబడి ఒకే నేలలో పడే చోట అది ఇప్పటికీ అంతే ముఖ్యం.

మోతాదును కిలో దాణాకు ఇన్ని ఎఫ్‌టీయూలు (ఫైటేజ్ యూనిట్లు) అని చెబుతారు. పీహెచ్ 5.5 దగ్గర, 37 డిగ్రీల వేడిలో, సోడియం ఫైటేట్ నుంచి నిమిషానికి ఒక మైక్రోమోల్ భాస్వరాన్ని విడిపించగలిగితే అది ఒక యూనిట్. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఫైటేజ్ ముఖ్యంగా పనిచేసేది మెడ కింద మేత నిలిచే సంచిలో, ఆ తర్వాత ఆమ్లం ఊరే కడుపులో, కందనకాయలో. కందనకాయ దగ్గర పీహెచ్ మూడు చుట్టుపక్కల ఉంటుంది. పరీక్ష జరిగేది 5.5 దగ్గర. అంచేత డబ్బా మీద ఒకే 500 ఎఫ్‌టీయూ ఉన్నా రెండు ఉత్పత్తులు కోడి కడుపులో ఒకేలా పనిచేయవు. పాతకాలపు శిలీంధ్ర ఫైటేజ్‌లతో పోలిస్తే, తర్వాత వచ్చిన బ్యాక్టీరియా మూలాల ఫైటేజ్‌లు ఆమ్లంలో చురుగ్గా ఉంటాయి, కడుపులో ప్రోటీన్‌ను అరిగించే పెప్సిన్‌కు త్వరగా లొంగవు. యూనిట్లు పోల్చి కొనకండి. ఆ ఉత్పత్తితో బ్రాయిలర్లలో ఎముక బూడిద (ఎముకను కాల్చితే మిగిలే ఖనిజం) మీద చేసిన ప్రయోగ ఫలితాలు అడగండి.

ఇప్పుడు లెక్క. కాగితం మీద ఒకసారి మీరే వేసి చూడండి, ఇది వస్తే మిగతాది సులువు. మీ దాణాలో మొక్కజొన్న 60 శాతం, సోయా చెక్క 32 శాతం అనుకుందాం. మొక్కజొన్నలో ఫైటేట్ భాస్వరం సుమారు 0.2 శాతం, సోయా చెక్కలో సుమారు 0.4 శాతం. అంటే మొక్కజొన్న నుంచి 0.12, సోయా నుంచి 0.13, మొత్తం దాణాలో 0.25 శాతం. ఫైటేజ్ ముట్టుకోగలిగింది ఇంతే. 500 ఎఫ్‌టీయూకు సాధారణంగా 0.10 నుంచి 0.15 శాతం అందే భాస్వరాన్ని లెక్కలోకి తీసుకుంటారు. 0.12 అనుకుంటే ఉన్నదాంట్లో సుమారు సగం విడిపోవాలి, అది నమ్మదగ్గ మాట. ఎవరైనా వచ్చి మా ఫైటేజ్ ఇదే దాణాలో 0.20 ఇస్తుందంటే, ఉన్నదాంట్లో ఐదింట నాలుగు వంతులు విడగొట్టాలి. అంత విడగొట్టాలంటే మోతాదు బాగా పెంచాలి, కాల్షియం అదుపులో ఉండాలి, కోడి కడుపులో మేత కాసేపు నిలవాలి. ఇవన్నీ ఒకేసారి కుదరడం మామూలు షెడ్డులో కష్టం.

0.12 శాతం అంటే టన్నుకు 1.2 కిలోల భాస్వరం. డీసీపీలో 18 శాతం భాస్వరం ఉంటుంది కాబట్టి టన్నుకు సుమారు 6.7 కిలోల డీసీపీ తీసేయొచ్చు. చాలామంది ఇక్కడ ఆగిపోతారు, తప్పు ఇక్కడి నుంచే మొదలవుతుంది. డీసీపీలో కాల్షియం కూడా ఉంది, సుమారు 23 శాతం. 6.7 కిలోలు తీస్తే 1.5 కిలోల కాల్షియం పోతుంది. దాన్ని భర్తీ చేయాలని నాలుగు కిలోల సున్నపురాయి పొడి వేస్తారు. కానీ ఫైటేట్ విడిపోయినప్పుడు అది పట్టుకున్న కాల్షియం కూడా బయటికి వస్తుంది, దాదాపు భాస్వరంతో సమానంగానే లెక్క తీసుకుంటారు. అంటే టన్నుకు 1.2 కిలోలు మీకు ముందే వచ్చింది. మిగిలిన 0.3 కిలోల కోసం కావలసిన సున్నపురాయి పొడి ఒక కిలో లోపే. నాలుగు కిలోలు వేస్తే కాల్షియం అవసరానికి మించిపోతుంది. ఎక్కువైన కాల్షియం ఫైటేట్‌తో కలిసి విడదీయలేని ముద్దలా మారుతుంది, కడుపులో ఆమ్లాన్ని కూడా తగ్గిస్తుంది. మీరు కొన్న ఫైటేజ్‌ను మీ చేత్తోనే మీరు అడ్డుకున్నట్టు అవుతుంది.

అసలు చాలా దాణాల్లో కాల్షియం కాగితం మీద రాసినదానికంటే ఎక్కువే ఉంటుంది. ప్రీమిక్స్‌లలో (విటమిన్లు, ఖనిజాలు ముందే కలిపిన పొడుల్లో) మోసే పదార్థంగా సున్నపురాయి పొడినే వాడతారు. సోయా చెక్క గడ్డకట్టకుండా ఉండటానికి కూడా కొన్నిచోట్ల అదే కలుపుతారు. మందులు, టాక్సిన్ బైండర్లు అన్నీ ఇలాంటి పొడుల మీదే వస్తాయి. అందుకే ఫైటేజ్ మొదలుపెట్టే ముందు మీ స్టార్టర్ (తొలి రోజుల), ఫినిషర్ (చివరి రోజుల) దాణాలు రెండింటినీ ల్యాబ్‌లో కాల్షియం, మొత్తం భాస్వరం పరీక్ష చేయించమని నా గట్టి సలహా. స్టార్టర్‌లో కాల్షియం 0.95 శాతం దగ్గర ఉండాలనుకుని మీరు కలుపుతుంటే పరీక్షలో 1.2 వస్తే, ముందు దాన్ని సరిచేయండి, ఎంజైమ్ సంగతి తర్వాత. సున్నపురాయి మరీ మెత్తటి పిండిలా ఉంటే కడుపులో ఒక్కసారిగా కరిగి ఈ ఇబ్బందిని పెంచుతుంది. కాస్త గరుకుగా ఉన్నది మేలు. మొక్కజొన్న కూడా పిండిలా కాకుండా కాస్త గరుకుగా దంచితే కందనకాయ బలంగా పనిచేస్తుంది, మేత అక్కడ కాసేపు నిలుస్తుంది, ఫైటేజ్‌కు సమయం దొరుకుతుంది.

మోతాదు రెట్టింపు చేస్తే ఫలితం రెట్టింపు కాదు. 500 నుంచి 1,000కి వెళ్తే మొదటి 500 ఇచ్చినంత రాదు, కొంచెమే అదనంగా వస్తుంది. 1,500 ఎఫ్‌టీయూ, అంతకంటే ఎక్కువ వేసేవాళ్లు భాస్వరం కోసం వేయరు. ఫైటేట్‌ను వీలైనంత మొత్తం తొలగించి అది కలిగించే అడ్డంకులను పోగొట్టాలని వేస్తారు. సోయా చెక్క, తవుడు ఎక్కువగా ఉన్న దాణాల్లో అది బాగానే కుదురుతుంది. తవుడులో ఫైటేట్ భాస్వరం ఒక శాతం పైనే ఉంటుంది కాబట్టి, పది శాతం తవుడు వేసినా ఫైటేజ్‌కు పని చాలా పెరుగుతుంది. మీరు మాత్రం మొదట 500తో, 0.10 లెక్కతో మొదలుపెట్టండి. రెండు మూడు బ్యాచ్‌లు కాళ్లు గట్టిగా ఉన్నాయని చూసుకున్నాక 0.12కి వెళ్లండి.

ఈ జాగ్రత్త ఎందుకంటే, ఫైటేజ్ పనిచేయకపోతే దెబ్బ తినేది పిల్లల ఎముకలు. డీసీపీ తగ్గించేశాం, ఫైటేజ్ దాణాలో పడలేదు లేదా వేడికి చచ్చిపోయింది అనుకోండి. మేత తినడం తగ్గుతుంది, రెండో మూడో వారంలో పిల్లలు కుంటుతాయి, కూర్చుండిపోతాయి, ముక్కు రబ్బరులా వంగుతుంది, కాలి ఎముక విరిస్తే టక్కున విరగకుండా సాగుతుంది. అప్పుడు భాస్వరం పెంచినా వెనకబడ్డ పిల్లలు పూర్తిగా కోలుకోవు. ఆ బాధ వాటికి రాకుండా చూడటం మన చేతిలోనే ఉంది.

జైలనేజ్‌కు వద్దాం. గోధుమ, రై, ట్రిటికేల్ లాంటి గింజల్లో అరబినోజైలాన్ అనే పీచు పదార్థం ఉంటుంది, జైలనేజ్ విడగొట్టేది దీన్నే. బార్లీలోనూ ఓట్స్‌లోనూ బీటా గ్లూకాన్ ఉంటుంది. వీటిలో నీటిలో కరిగే భాగం పేగులో జిగురులా మారుతుంది. ఆ జిగురులో మేత నెమ్మదిగా కదులుతుంది, జీర్ణరసాలు లోపలికి చేరవు. నూనె, కొవ్వు అరుగుదల అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతింటుంది. అరగకుండా మిగిలిన మేత చిన్నపేగులో బ్యాక్టీరియాకు విందు అవుతుంది, క్లోస్ట్రిడియం వల్ల వచ్చే పేగు కుళ్లు రోగానికి అది దారి. చిన్న పిల్లల్లో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఇలాంటి దాణాలో జైలనేజ్ గానీ బీటా గ్లూకనేజ్ గానీ వేస్తే రెట్ట జిగురు తగ్గడం కొన్ని రోజుల్లోనే కంటికి కనిపిస్తుంది. 1950లలోనే బార్లీ తినే కోడిపిల్లల్లో ఎంజైముల ప్రభావం గమనించారు. ఎంజైములు లేకపోతే బార్లీ ఇవాళ బ్రాయిలర్ దాణాలో అంత ధైర్యంగా వాడలేం.

మొక్కజొన్న పరిస్థితి వేరు. దానిలోనూ అరబినోజైలాన్ ఉంది, కానీ దాదాపు అంతా కరగని రకం. పేగులో జిగురు పెద్దగా రాదు. జైలనేజ్ ఇక్కడ రెండు దారుల్లో కాస్త సాయం చేస్తుంది. కణాల గోడల్లో చిక్కుకున్న పిండి పదార్థాన్ని, ప్రోటీన్‌ను బయటికి రానిస్తుంది. పీచును చిన్న ముక్కలు చేసి పేగు చివర ఉండే మంచి బ్యాక్టీరియాకు ఆహారం అందిస్తుంది. ఈ రెండో పని నెమ్మదిగా, పక్షి పెరిగేకొద్దీ కనిపిస్తుంది. కాబట్టి గోధుమ దాణాలో వచ్చినంత లాభం మొక్కజొన్న దాణాలో ఆశించకండి. అమ్మకందారు చూపించే కాగితంలో ప్రయోగం ఏ గింజ మీద జరిగిందో ముందు అదే చూడండి. గోధుమ మీద కిలో దాణాకు అదనంగా వచ్చిన 100 కిలో కేలరీలను మొక్కజొన్న ఫార్ములాలో పెట్టడం పెద్ద పొరపాటు. నూకలు ఎక్కువగా వాడే వాళ్లకైతే జైలనేజ్‌కు పనే దొరకదు, నూకల్లో ఉన్న పీచే చాలా తక్కువ.

సోయా చెక్క వల్ల మీకు ఉపయోగపడే అవకాశం ఉన్నది బీటా మన్ననేజ్. అది విడగొట్టే బీటా మన్నాన్ అనే పీచు పదార్థం సోయాలో ఉండే శాతం చిన్నదే, కానీ పేగులోని రోగనిరోధక వ్యవస్థ దాన్ని రోగక్రిమి అనుకుని స్పందిస్తుంది, అందులో శక్తి వృథా అవుతుంది. పొట్టు కలిసిన 44 శాతం ప్రోటీన్ రకం చెక్క, కొబ్బరి చెక్క, పామ్ కెర్నెల్ చెక్క, గ్వార్ మీల్ (గోరుచిక్కుడు గింజల పిండి) వాడేచోట ఇది ఆలోచించదగ్గదే. గ్వార్ మీల్ వేసినప్పుడు రెట్ట బంకలా వస్తుందని చూసే ఉంటారు, అది ఈ గుంపు పదార్థం పనే. పొట్టు తీసిన 48 శాతం సోయా మాత్రమే వాడుతుంటే దీన్ని తర్వాతికి వదిలేయండి.

మల్టీ ఎంజైమ్ డబ్బాల మీద సెల్యులేజ్ అని పెద్దక్షరాలతో రాస్తారు. కోడి కడుపులో మేత ఉండేది కొన్ని గంటలే, అంత తక్కువ సమయంలో సెల్యులోజ్‌ను చెప్పుకోదగ్గంత విడగొట్టడం జరగదు. పది రకాల పేర్లు ఉన్న డబ్బా కంటే, మీ దాణాకు కావలసిన ఒకటి రెండు ఎంజైములు తగిన మోతాదులో ఉన్న డబ్బా మంచిది. ఒక్కో సంస్థ ఒక్కో పద్ధతిలో యూనిట్ కొలుస్తుంది కాబట్టి ఇక్కడ కూడా అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చలేం.

ప్రోటియేజ్ అంటే ప్రోటీన్‌ను విడగొట్టే ఎంజైమ్. మంచి సోయా చెక్కలోని అమైనో ఆమ్లాల్లో 85 నుంచి 90 శాతం వరకు కోడి ముందే అరిగించుకుంటుంది. ప్రోటియేజ్ చేతికి దొరికేది మిగిలినదాంట్లో కొంత భాగం. అందుకే మంచి చెక్క మీద లాభం చిన్నది, నాసిరకం ప్రోటీన్ మీద పెద్దది. ఈక పొడి, మాంసం ఎముకల పొడి, ఆవచెక్క, సరిగా ఉడకని లేదా మాడిన సోయా ఉన్నచోట తేడా తెలుస్తుంది. కాబట్టి ముందు సోయాకు రెండు పరీక్షలు చేయించండి. యూరియేజ్ పరీక్షలో పీహెచ్ పెరుగుదల 0.05 నుంచి 0.20 మధ్య ఉండాలి, ఎక్కువ వస్తే సరిగా ఉడకలేదు, ప్రోటీన్‌ను అరిగించే ట్రిప్సిన్‌ను అడ్డుకునే పదార్థం మిగిలి ఉంది. పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ప్రోటీన్ కరిగే శాతం 78 నుంచి 84 మధ్య ఉంటే బాగుంది, 70 కంటే కిందికి వస్తే చెక్క మాడింది, లైసిన్ అనే అమైనో ఆమ్లం దెబ్బతింది. మాడిపోయిన లైసిన్‌ను ఏ ఎంజైమూ వెనక్కి తేలేదు. సరుకు మార్చుకోవడం ఒక్కటే మార్గం.

పిండి పదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ గురించి క్లుప్తంగా. మొక్కజొన్నలోని పిండి పదార్థం చిన్నపేగు చివరికి వచ్చేసరికి దాదాపు మొత్తం అరిగిపోతుంది. ఎక్కువ వేడితో ఆరబెట్టి గట్టిపడ్డ మొక్కజొన్న వస్తేనే, అదీ తొలి రోజుల పిల్లల్లో, కొంత ఉపయోగం. దానికోసం ప్రత్యేకంగా కొననక్కర్లేదు.

ఇప్పుడు మూడూ కలిపి వేస్తే ఏమవుతుందన్న మీ అసలు ప్రశ్న. ప్రతి అమ్మకందారూ ఒక మ్యాట్రిక్స్ కాగితం ఇస్తాడు, అంటే ఈ ఎంజైమ్ వేస్తే ఇంత శక్తి, ఇంత లైసిన్, ఇంత భాస్వరం వచ్చినట్టు ఫార్ములాలో రాసుకోండి అని. ఉదాహరణకు ఫైటేజ్‌కు 60, జైలనేజ్‌కు 90, ప్రోటియేజ్‌కు 40 కిలో కేలరీలు అని ముగ్గురు ఇచ్చారనుకోండి. మూడూ కూడితే కిలో దాణాకు 190 అవుతుంది, 3,000 కిలో కేలరీల దాణాలో ఆరు శాతం పైమాటే. అది నిజంగా రాదు. ఎందుకంటే ఈ మూడూ వేలు పెట్టేది ఒకే గిన్నెలో, అంటే అరగకుండా మిగిలిన భాగంలో. ఒక అమైనో ఆమ్లం 88 శాతం అరుగుతుంటే మిగిలింది 12. మొదటి ఎంజైమ్ అందులో మూడో వంతు విడిపిస్తే నాలుగు వచ్చింది, రెండోదానికి మిగిలింది ఎనిమిదే. మూడోదానికి ఇంకా తక్కువ. ప్రతి ప్రయోగమూ తన ఎంజైమ్ ఒక్కటే ఉన్నప్పుడు చేసినది, అప్పుడు 12 మొత్తం దానికే దొరికింది.

నేను పాటించే పద్ధతి చెబుతాను. భాస్వరం, కాల్షియం విలువలు ఫైటేజ్‌వి పూర్తిగా తీసుకుంటాను. శక్తి, అమైనో ఆమ్లాల విలువలు ఒక్క ఎంజైమ్‌వి మాత్రమే పూర్తిగా లెక్కలో పెడతాను. రెండోదానివి సగం లేదా అంతకంటే తక్కువ. మూడోదానివి సున్నా. స్టార్టర్‌లో శక్తి విలువ అసలు తీసుకోను, తొలి పది రోజుల ఎదుగుదల మీద బేరమాడటం నాకు ఇష్టం ఉండదు. ఈ అంకెల బరువు తెలియాలంటే ఇలా చూడండి: కిలోకు 90 కిలో కేలరీలు తగ్గించడమంటే టన్నుకు సుమారు 16 కిలోల నూనె తీసి ఆ చోట మొక్కజొన్న వేయడం. ఎంజైమ్ అంత ఇవ్వకపోతే పక్షులు శక్తి కోసం ఎక్కువ మేత తింటాయి, ఎఫ్‌సీఆర్ చెడుతుంది, దానికి కారణం ఎంజైమ్ అని ఎవరికీ తట్టదు.

సోడియం విషయంలోనూ జాగ్రత్త. ఫైటేజ్ వల్ల సోడియం నష్టం తగ్గుతుందని కొన్ని కాగితాల్లో దానికీ విలువ ఇస్తారు. ఆ మాటలో నిజం ఉంది, కానీ ఎండాకాలంలో నేను ఉప్పు తగ్గించను.

తర్వాత వేడి. ఎంజైమ్ ప్రోటీన్‌తో తయారైంది, తడి ఆవిరిలో విరిగిపోతుంది. మీరు మ్యాష్ (పొడి దాణా) పెడుతుంటే ఈ బెంగ లేదు. పెల్లెట్ (గుళికలు) చేస్తుంటే మాత్రం కండిషనర్‌లో, అంటే దాణాకు ఆవిరి పట్టే చోట, వేడి ఎంతో తెలుసుకోండి. 75 నుంచి 80 డిగ్రీలు దాటితే మామూలు పొడి ఎంజైమ్ బలం కోల్పోవడం మొదలవుతుంది. 85 దగ్గర నడిపే మిల్లులో వేడి తట్టుకునే రకం గానీ, పూత వేసిన రకం గానీ, పెల్లెట్ చల్లారాక పైన పిచికారీ చేసే ద్రవ రకం గానీ కావాలి. మీ మిల్లులోనే మ్యాష్ నమూనా ఒకటి, పెల్లెట్ నమూనా ఒకటి తీసి ఫైటేజ్ బలం కొలిపించండి. పేరున్న సరఫరాదారులు ఈ పరీక్ష చేసిపెడతారు. చేయడానికి ఒప్పుకోనివాళ్ల దగ్గర కొనకండి.

కలపడంలో ఓపిక కావాలి. టన్నుకు 50 నుంచి 100 గ్రాములు వేసే పొడి, వారం వయసు పిల్ల తినే ముప్పై గ్రాముల్లోనూ సమానంగా ఉండాలి. నేరుగా మిక్సర్‌లో వేయకండి. ముందు రెండు కిలోల దంచిన మొక్కజొన్నలో, తర్వాత పది కిలోల్లో కలిపి, అప్పుడు మిక్సర్‌లో వేయండి. నూనె పోసే ముందే వేయాలి, నూనె పడ్డాక వేస్తే ఉండలు కడుతుంది. కోలిన్ క్లోరైడ్, రాగి, జింక్ సల్ఫేట్‌లు ఉన్న ప్రీమిక్స్‌లో ఎంజైమ్‌ను ముందే కలిపి నెలల తరబడి నిల్వ పెడితే బలం తగ్గుతుంది. విడిగా, చల్లగా, పొడిగా ఉంచి, కలిపే రోజు కలపండి. ఇంకో మాట, ఇది కోళ్ల కోసం కాదు, మీ మనుషుల కోసం. ఎంజైమ్ పొడి గాల్లో లేచి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే కొందరికి అలర్జీ, ఆస్తమా వస్తాయి, ఒకసారి వస్తే ఆ పొడి దగ్గరికి వెళ్లినప్పుడల్లా తిరగబెడుతుంది. పొడి తూచే మనిషికి మంచి మాస్కు, చేతి తొడుగులు ఇవ్వండి, వేసుకున్నాడో లేదో చూడండి. చాలా మిల్లుల్లో దీన్ని తేలిగ్గా తీసుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

లిట్టర్ తడి సంగతి. రెట్టను చేతి తొడుగుతో తీసి చూడండి. బంకలా సాగుతూ, నేలకు అతుక్కుంటే పేగులో జిగురు ఉన్నట్టు, అప్పుడు జైలనేజ్ లేదా మన్ననేజ్ గురించి ఆలోచించవచ్చు. మీ దాణా మొక్కజొన్న, సోయా కాబట్టి ఆ అవకాశం తక్కువ. నీళ్లలా, చుట్టూ తడి మరకతో ఉంటే ఉప్పు ఎక్కువైందేమో, ప్రోటీన్ ఎక్కువైందేమో, సోయా చెక్కలోని పొటాషియం వల్ల నీళ్లు ఎక్కువ తాగుతున్నాయేమో చూడండి. దాణాలో సోడియం 0.16 నుంచి 0.23 శాతం మధ్య ఉంటే చాలు, తాగే నీళ్లలో ఉన్న ఉప్పును కూడా ఈ లెక్కలో కలపండి. రెట్టలో అరగని మేత ముక్కలు, నారింజ రంగు జిగురు కనిపిస్తే కాక్సిడియోసిస్ అనే పేగు రోగాన్ని అనుమానించి పశువైద్యుడికి చూపించండి. ఇవేవీ కాకపోతే నీళ్లు తాగే నిపుల్స్ కారడం, వాటి ఎత్తు, షెడ్డులో గాలి ఆడకపోవడం చూడండి. తడి లిట్టర్ మీద పాదాలకు పుండ్లు పడి పక్షులు నొప్పితో మేత దాకా నడవవు, అందుకే దీన్ని ఎంజైమ్ ఫలితం కోసం ఆగకుండా ఈ వారమే సరిచేయండి. ప్రోటియేజ్ ఇక్కడ పరోక్షంగా కొంత మేలు చేస్తుంది: దాని ఆసరాతో ప్రోటీన్ శాతం తగ్గించగలిగితే పక్షి బయటికి పంపే నత్రజని తగ్గుతుంది, నీళ్లు తాగడం, అమ్మోనియా రెండూ తగ్గుతాయి.

చివరగా, పనిచేస్తుందో లేదో ఎలా తెలుసుకోవాలి. పోయిన బ్యాచ్‌కీ ఈ బ్యాచ్‌కీ పోల్చి చెప్పలేం. ఎంజైమ్ ఇచ్చే తేడా ఎఫ్‌సీఆర్‌లో రెండు మూడు పాయింట్లు (అంటే 0.02 నుంచి 0.03), పిల్లల మూలం, వాతావరణం మారితే వచ్చే తేడా దానికంటే పెద్దది. రెండు షెడ్లు పోల్చినా అంతే. వీలైతే ఒకే షెడ్డులో వలలతో చిన్న చిన్న గదులు చేయండి, ఒకే హేచరీ పిల్లలను ఒకే రోజు వేయండి. మూడు దాణాలు కావాలి: మామూలు దాణా, శక్తి తగ్గించిన దాణా, శక్తి తగ్గించి ఎంజైమ్ వేసిన దాణా. ఒక్కోదానికి కనీసం ఆరు గదులు. రెండో దాణా తిన్న పక్షులు మొదటిదానితో సమానంగా పెరిగాయంటే, ఎంజైమ్ గురించి మీకేమీ తెలియలేదు. కానీ మీ మామూలు దాణాలో శక్తి అవసరానికి మించి ఉందని తెలిసింది, అది ఎంజైమ్ కంటే పెద్ద లాభం. భాస్వరం తగ్గించిన దాణాతో మాత్రం ఈ పరీక్ష పెద్ద ఎత్తున చేయకండి. కొద్ది పక్షులతో చేసి, కుంటడం కనిపించగానే ఆపేయండి. మూడు వారాలకు కాలి ఎముక బూడిద శాతం ల్యాబ్‌లో కొలిపిస్తే బరువు చూపించని తేడా అది చూపిస్తుంది.

కాబట్టి మీ దగ్గర ఇప్పుడు వరుస ఇలా ఉండాలి: ముందు దాణాలో కాల్షియం, భాస్వరం, సోయా పరీక్షలు. తర్వాత పాత మల్టీ ఎంజైమ్ ఆపి, ఫైటేజ్ 500 ఎఫ్‌టీయూ, డీసీపీ, సున్నపురాయి రెండూ మార్చి, రెండు మూడు బ్యాచ్‌లు. ఆ తర్వాతే రెండోది. ప్రతి కలుపులోనూ అర కిలో దాణా తీసి, తేదీ, ఎంజైమ్ బ్యాచ్ నంబరు రాసి, ఆ కోళ్లు అమ్ముడయ్యే వరకు చల్లటి చోట దాచండి. కాళ్లు బలహీనపడ్డాయని మీరు ఫోన్ చేసినప్పుడు ఎవరైనా మొదట అడిగేది ఆ నమూనానే, అందులో ఫైటేజ్ ఉందో లేదో తేలితే మిగతా వెతుకులాట సగం తగ్గుతుంది.